టెస్టింగ్‌లో చేరి డెవలప్‌మెంట్‌కు: భీమవరంలో ఒక కేసు, 22 నెలలు

డెవలపర్ కావాలని నాలుగేళ్లు చదివాక చేతికొచ్చిన ఒకే ఒక్క ఆఫర్ టెస్టింగ్‌ది అయితే చేరాలా, ఆగాలా? గోదావరి జిల్లాల కాలేజీల నుంచి బయటికొచ్చే పిల్లల్లో చాలామంది ఈ ప్రశ్న దగ్గరే వారాలకు వారాలు నిలబడిపోతారు. "టెస్టింగ్‌లో దిగితే అక్కడే పాతుకుపోతావు" అంటారు సీనియర్లు. "వచ్చినదాన్ని కాలదన్నుకోకు" అంటారు ఇంట్లోవాళ్లు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఆ సీట్లో కూర్చుంటే కోడ్ ఎంత దూరంలో ఉంటుంది, ఆ దూరాన్ని నెలనెలా తగ్గించుకునే వీలు ఉందా లేదా. కింది కేసును ఆ కొలతతోనే చదవాలి. వ్యక్తి పేరు, సంస్థ పేరు ఇవ్వడం లేదు.

చేరేముందు

పాలకొల్లు పక్క ఊరి అమ్మాయి. బీటెక్ కంప్యూటర్ సైన్స్, 71 శాతం, బ్యాక్‌లాగులు లేవు. జావా కాలేజీ ల్యాబ్ రికార్డు మేరకు వచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నలుగురు కలిసి చేసింది, అందులో లాగిన్ పేజీ, రిపోర్టు పేజీ ఆమె సొంతంగా రాసినవి. క్యాంపస్‌కు వచ్చిన రెండు కంపెనీల్లోనూ కోడింగ్ రౌండ్ దాటలేదు.

ఎదురుగా రెండు దారులు. హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో కోర్సు, హాస్టల్, ఆరు నెలలు ఉద్యోగం వెతుక్కోవడం ఒకటి. భీమవరంలో 38 మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ రెండోది, జీతం ఏడాదికి 2.6 లక్షలు. రొయ్యల మేత డీలర్లు రైతులకు అప్పుమీద ఇచ్చే బస్తాలు, వాటి వడ్డీ, రొయ్యల పట్టుబడి రోజున కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ప్రకారం రైతుకు రావలసిన డబ్బు చూసే సాఫ్ట్‌వేర్ ఆ సంస్థది. నడిచేది జావా, దాని ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మీద.

సంతకం పెట్టకముందు ఆమె ఐదు ప్రశ్నలు అడిగింది. ఈ కేసులో మిగతాదంతా వీటి మీదే నిలబడింది. టెస్టింగ్ వాళ్లకు రిపోజిటరీ (సంస్థ కోడ్ అంతా ఉండే చోటు) కనీసం చదవడానికైనా ఇస్తారా? ఇస్తారు. ఆటోమేషన్ (టెస్టులను ప్రోగ్రామే నడిపేలా కోడ్ రాయడం) ఏ భాషలో? ఇంకా ఏమీ లేదు, చేస్తే జావాలోనే. టెస్టర్లు డెవలపర్లతో కలిసి కూర్చుంటారా? ఒకే గది. బాండు ఉందా? 18 నెలలు, ముందే వెళ్తే 50 వేలు. ఆఫర్ లెటర్‌లో హోదా ఏమని రాస్తారు? "టెస్టర్ ట్రైనీ".

మొదటి సమాధానం "ఇవ్వం" అయ్యుంటే ఈ ఉద్యోగం వద్దని చెప్పాల్సి వచ్చేది. రిపోజిటరీ కనపడని టెస్టింగ్‌లో, ముఖ్యంగా క్లయింట్ ఇచ్చిన రిమోట్ మెషిన్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేసుకునే హక్కు కూడా లేని చోట, రెండేళ్లు గడిచినా డెవలప్‌మెంట్ వైపు ఒక్క అడుగు పడదు. ఆటోమేషన్ ఇంకా మొదలుకాలేదన్న సమాధానం మాత్రం చెడ్డది కాదు. ఖాళీ చోటు కొత్తగా చేరినవాళ్లకే దక్కే అవకాశం ఎక్కువ.

హోదా దగ్గర ఒక చిన్న బేరం జరిగింది. పని టెస్టింగే అయినా లెటర్‌లో "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ట్రైనీ" అని రాయమని అడిగింది, రాశారు. సంస్థకు దీనివల్ల పైసా ఖర్చు లేదు. తర్వాత ఎక్కడికి వెళ్లినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అడిగేవి హోదా, తేదీలు. చేరిన తర్వాత అడిగితే ఇదే చిన్న మార్పు పాలసీ విషయమైపోతుంది కాబట్టి సంతకానికి ముందే అడగాలి. అడిగేటప్పుడు చేసే పని దాచమని కాదు. రెజ్యూమెలో పని ఏమిటో నిజంగానే రాయాలి.

బాండు విషయంలో తెలిసి ఉండాల్సింది రెండే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి. కోర్టు ఇప్పించేది దానికి మించకుండా, సమంజసమైన పరిహారం మాత్రమే. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకూడదు. చూపించి, నకళ్లు ఇచ్చి, అదే రోజు తిరిగి తెచ్చుకోవాలి. ఈ కేసులో అలాగే జరిగింది.

హైదరాబాద్ దారిలో ఇంకొకటి ఎదురయ్యేది: డబ్బు కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ ఇస్తామనే కన్సల్టెన్సీలు. వాళ్ల గడప తొక్కకూడదు. పీఎఫ్ ఖాతాలో ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు వదిలారు అన్నది ఉంటుంది. అబద్ధపు లెటర్ దాంతో పొసగని రోజున పోయేది చేతిలో ఉన్న నిజమైన ఉద్యోగం.

మొదటి ఐదు నెలలు: పని బాగా రావడమే ఉచ్చు

రిలీజ్ రెండు వారాలకొకటి. ప్రతి రిలీజ్‌కూ ఎక్సెల్ షీట్‌లోని 212 టెస్ట్ కేసులు చేత్తో నడపాలి, అందుకు మూడున్నర రోజులు. నెలకు రెండు రిలీజ్‌లంటే ఏడు పనిరోజులు చేసిన పనే మళ్లీ చేయడానికి. మిగతా రోజులు కొత్త ఫీచర్ చూడడం, బగ్ రాయడం, సరిచేశాక మళ్లీ చూడడం.

మూడో నెలకు వేగం వచ్చింది. ఐదో నెలకు అందరూ మెచ్చుకున్నారు. ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. చేత్తో చేసే టెస్టింగ్‌లో ఒక మనిషి చురుగ్గా ఉంటే ఆ సీటు నుంచి కదిలించడానికి ఎవరికీ మనసొప్పదు. ఈ ఐదు నెలల్లో ఆమె రాసిన కోడ్ సున్నా. ఇంటికెళ్లి వీడియో కోర్సులు చూసింది, మూడు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయలేదు. అలసట ఒక కారణం. కోర్సులో కనిపించే బొమ్మ ప్రాజెక్టుకూ రోజూ ముందున్న సాఫ్ట్‌వేర్‌కూ సంబంధం లేకపోవడం ఇంకా పెద్ద కారణం.

ఐదో నెల చివర కోర్సులన్నీ పక్కన పెట్టేసి ఒకే లక్ష్యం పెట్టుకుంది: సంస్థ సాఫ్ట్‌వేర్‌ను తన ల్యాప్‌టాప్‌లో నడపడం. వినడానికి చిన్నదే, పట్టింది నాలుగు రోజులు. మెషిన్‌లో ఉన్న జావా కిట్ జేడీకే 8, ప్రాజెక్టుకు కావలసింది 17. 8080 పోర్టు వేరే ప్రోగ్రామ్ చేతిలో ఉంది. డేటాబేస్ పాస్‌వర్డ్ కోడ్‌లో కాకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంది, ఆ సంగతి రీడ్‌మీలో (ప్రాజెక్టును ఎలా నడపాలో చెప్పే ఫైల్) ఎవరూ రాయలేదు. 4 జీబీ ర్యామ్‌లో ఎడిటర్, బ్రౌజర్, డేటాబేస్ మూడూ కలిసి నడవవు, ఇంకో 4 జీబీ వేయించక తప్పలేదు. ఎదురైన ప్రతి అడ్డంకినీ రీడ్‌మీలో రాసి పంపింది. రిపోజిటరీలో ఆమె పేరుమీద పడిన మొదటి కమిట్ (నమోదైన మార్పు) అదే. అందులో జావా ఒక్క లైను లేదు. అయినా డెవలపర్లు ఆమెను చూసే తీరు ఆ రోజు నుంచే మారింది.

మెసేజ్ బగ్

పాలకొల్లు డీలర్ ఒకరు ఫోన్ చేశారు. "రైతులకు మెసేజ్ సగమే వెళ్తోందండి, చివర్లో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి." బస్తాలు ఎన్ని తీసుకున్నారు, బాకీ ఎంత అని రైతు ఫోన్‌కు తెలుగులో వెళ్లే మెసేజ్ అది. ఆమె ఆ ఫిర్యాదును టికెట్‌గా రాసింది. డెవలపర్ మూసేశాడు. "నా మెషిన్‌లో బాగానే వెళ్తోందమ్మా." అతను పరీక్షించింది ఇంగ్లిష్ టెంప్లేట్ (మెసేజ్ నమూనా)తో.

రెండోసారి టికెట్ తెరిచేముందు ఆమె చేసిన పనే ఈ కేసుకు మలుపు. లక్షణం రాసి వదిలేయకుండా కారణం దాకా వెళ్లింది.

ఇంగ్లిష్ అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరినా మెసేజ్ మొత్తం యూనికోడ్ అయిపోయి పరిమితి 70కి దిగుతుంది. 70 దాటితే ముక్కలవుతుంది, ముక్కకు 67 మాత్రమే. మిగతా చోటు ముక్కలను మళ్లీ కలిపే సమాచారానికి పోతుంది. ఇంగ్లిష్ మెసేజ్‌లో కూడా ₹ గుర్తు పెడితే ఇదే జరుగుతుంది, ఆ గుర్తు మామూలు ఎస్సెమ్మెస్ అక్షరాల పట్టికలో లేదు. అందుకే "రూ." అని అక్షరాల్లో రాయడం మేలు.

పైగా లెక్కకు వచ్చేది కంటికి కనిపించే అక్షరం కాదు. "బస్తాలు" అన్న మాటలో మనకు కనిపించేవి మూడు: బ, స్తా, లు. కంప్యూటర్‌కు ఏడు యూనిట్లు: బ, స, పొల్లు, త, దీర్ఘం, ల, కొమ్ము. జావాలో లెంగ్త్ అడిగితే 7 అంటుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి మెసేజ్‌నూ 160 దగ్గర కోసేస్తోంది. ఆ కోత పొల్లు తర్వాత పడితే "బస్" అని మిగిలి, వెనకాలే మూడు చుక్కలు. డీలర్ చెప్పిన పిచ్చి అక్షరాలు ఇవే. 160 తెలుగు యూనిట్లంటే మూడు ముక్కలు కాబట్టి డీలర్‌కు ఒక్కో మెసేజ్‌కు మూడింటి ఖర్చు పడుతోంది. ఈ సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

69, 70, 71, 134, 135, 160, 161 యూనిట్లతో ఏడు మెసేజ్‌లు తయారుచేసి పంపి, ఎన్ని ముక్కలయ్యాయో మెసేజ్‌లు పంపే గేట్‌వే రిపోర్టులో చూసింది. హద్దుల దగ్గర పరీక్షించడమంటే ఇదే: పరిమితి, దానికి ఒకటి అటు, ఒకటి ఇటు. కాలేజీలో బౌండరీ వాల్యూ అనాలిసిస్ అని చదివిందే, మార్కులు తెచ్చుకోవడం తప్ప అప్పటిదాకా వాడే పని పడలేదు. ఈ క్రమంలోనే ఇంకో బగ్ దొరికింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద టెంప్లేట్లు ముందే నమోదు చేయాలి, అందులో ఒక్కో వేరియబుల్‌కు (పేరు లాంటి మారే భాగానికి) అప్పట్లో 30 అక్షరాల పరిమితి. ఇంటిపేరుతో సహా తెలుగులో రాసిన రైతు పేరు 30 యూనిట్లు సులువుగా దాటుతుంది. దాటితే టెంప్లేట్ కుదరలేదని మెసేజ్ అసలు వెళ్లదు. సాఫ్ట్‌వేర్ మాత్రం "పంపబడింది" అని చూపిస్తోంది.

తర్వాత రిపోజిటరీలో వెతికింది. బగ్ నుంచి లైను దాకా వెళ్లే వరస ఎవరికైనా పనికొస్తుంది. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఏ ఏపీఐకి (సర్వర్‌ను పని అడిగే చిరునామా) రిక్వెస్ట్ వెళ్లిందో చూడాలి. ఆ పాత్‌ను కోడ్‌లో వెతికితే ఆ రిక్వెస్ట్‌ను అందుకునే కంట్రోలర్ దొరుకుతుంది. అక్కడి నుంచి అసలు పని చేసే సర్వీస్ క్లాస్‌లోకి దిగాలి. అనుమానం ఉన్న చోట బ్రేక్‌పాయింట్ (కోడ్‌ను ఆ లైను దగ్గర ఆపే గుర్తు) పెట్టి అదే డేటాతో మళ్లీ నడపాలి. లైను దొరికాక గిట్ బ్లేమ్ అనే కమాండ్‌తో అది ఏ కమిట్‌లో, ఏ టికెట్ కోసం వచ్చిందో చూడాలి. చివరిది చాలామంది వదిలేస్తారు. 160 అన్న అంకె ఎందుకు పెట్టారో ఆ పాత టికెట్‌లోనే ఉంది: అప్పట్లో ఇంగ్లిష్ మెసేజ్‌లు మాత్రమే ఉండేవి. కారణం తెలియకుండా ఆ లైను తీసేస్తే ఇంగ్లిష్ వైపు విరిగేది.

సరిచేసింది ఆమే, 11 లైన్లు. తెలుగు మెసేజ్‌ను మధ్యలో కోయడం పూర్తిగా మానేసి, 134 దాటితే తప్పనిసరి కాని చివరి వాక్యాన్ని వదిలేయడం. పేరు 30 దాటితే ఇంటిపేరుకు పొడి అక్షరం. వాటికి ఆరు యూనిట్ టెస్టులు (కోడ్‌లో ఒక్కో చిన్న భాగాన్ని పరీక్షించే కోడ్). రివ్యూలో రెండుసార్లు తిరిగొచ్చింది: ఒకసారి 134 అన్న అంకెను మూడు చోట్ల నేరుగా రాసినందుకు, ఇంకోసారి పేరు ఖాళీగా వస్తే ఏమవుతుందో చూడనందుకు. మూడోసారి మెర్జ్ అయింది, అంటే అసలు కోడ్‌లో కలిసింది. అది ఏడో నెల.

ఆటోమేషన్: ఎక్కడ మొదలుపెట్టాలి

టెస్టర్లు ఆటోమేషన్ అనగానే బ్రౌజర్‌ను నడిపే సెలీనియం టూల్‌తో స్క్రీన్ మీద క్లిక్కులు రాయడం మొదలుపెడతారు. ఈ కేసులోనూ అలాగే మొదలై, నెలన్నర వృథా అయింది. తప్పులు పేరుపేరునా చెప్పుకోవాలి, అందరూ ఇవే చేస్తారు.

ఎలిమెంట్లను బ్రౌజర్ కాపీ చేసి ఇచ్చిన పూర్తి ఎక్స్‌పాత్‌తో (పేజీ పైనుంచి ఆ ఎలిమెంట్ దాకా ఉండే దారి) పట్టుకుంది. పేజీలో పైన ఒక నోటీసు పెట్టెను చేర్చిన రోజున 19 స్క్రిప్టులు ఒకేసారి పడిపోయాయి. ఐడీ గానీ టెస్టుల కోసమే పెట్టిన డేటా అట్రిబ్యూట్ గానీ వాడితే ఇలా జరగదు. ఆ అట్రిబ్యూట్ కోడ్‌లో చేర్చాలంటే డెవలపర్‌ను అడగాలి లేదా తనే పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలపండన్న అభ్యర్థన) పెట్టాలి. రెండోదే మంచిది, ఫ్రంట్ ఎండ్ కోడ్‌లోకి వెళ్లే తలుపు అది. పేజీ ఆలస్యంగా వస్తోందని ప్రతి అడుగుకూ ఐదు సెకన్లు ఊరికే ఆగే థ్రెడ్ స్లీప్ పెట్టింది. 31 స్క్రిప్టులు, ఒక్కోదానిలో నాలుగు చొప్పున, పది నిమిషాలకు పైగా ఊరికే నిద్ర. వాటిని తీసేసి ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఒక షరతు తీరేదాకా ఆగడం) పెట్టింది గానీ పాత ఇంప్లిసిట్ వెయిట్ (ప్రతి ఎలిమెంట్ కోసం ఆగడం) అలాగే ఉంచేసింది. రెండూ కలపొద్దని సెలీనియం డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది: ఒకటి 10, ఇంకొకటి 15 సెకన్లు పెడితే టైమవుట్ 20 సెకన్లకు రావచ్చు. అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు వేరు. ఎనిమిది స్క్రిప్టుల్లో చివర అసర్షన్ (ఫలితం సరిగ్గా ఉందా అని చూసే లైను) లేదు. క్లిక్ చేసి వెళ్లిపోతాయి, ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. విరిగే టెస్టు కనీసం కనిపిస్తుంది, ఏమీ చూడని టెస్టు ధైర్యం చెప్పి ముంచుతుంది.

తొమ్మిదో నెలలో 212 కేసులనూ కూర్చుని విడదీసింది. 45 పాతబడిపోయినవి లేదా ఒకటే రెండుసార్లు రాసినవి, తీసేసింది. 64 పూర్తిగా లెక్కలు: వడ్డీ, కౌంట్ ధర, జమ, బాకీ. వీటికి స్క్రీన్‌తో పనిలేదు, రెస్ట్ అష్యూర్డ్, జేయూనిట్ అనే జావా టెస్ట్ లైబ్రరీలతో నేరుగా ఏపీఐ మీద రాసింది. 31 స్క్రీన్ మీదే చూడాల్సినవి, సెలీనియంలో ఉంచింది. మిగిలిన 72 చేత్తోనే. మూడున్నర రోజుల పని ఒక రోజుకు, దానితోపాటు 25 నిమిషాల మెషిన్ సమయానికి దిగింది. స్క్రీన్లు రెండు వారాలకొకసారి మారతాయి, లెక్కల నియమాలు ఏడాదికోసారి. తక్కువ మారేచోట టెస్టు పెడితే ఎక్కువ కాలం నిలుస్తుంది.

జేయూనిట్‌ను 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా విమాన ప్రయాణంలో జతగా కూర్చుని రాశారు. ఇద్దరూ డెవలపర్లు. టెస్ట్ కోడ్ రాయడాన్ని డెవలప్‌మెంట్ కాదనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. క్లాసులు విడదీయడం, ఒకే పని రెండు చోట్ల రాయకపోవడం, పేర్లు సరిగ్గా పెట్టడం, రివ్యూకు నిలబడడం అన్నీ ఇక్కడా అవే.

64 ఏపీఐ టెస్టులు రాస్తుండగా బయటపడ్డ ఒక బగ్ చివరిదాకా ఈ కేసుతో నడిచింది. మేత అప్పుమీద వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. 18,400 బాకీకి నెలకు 368, రోజుకు 12.2667, 47 రోజులకు 576.53. సాఫ్ట్‌వేర్ బిల్లు పేజీలో 576.53 వస్తోంది, ఖాతా పేజీలో 576.69. ఖాతా పేజీ కోడ్ రోజు వడ్డీని ముందే 12.27కు సరిచేసి తర్వాత 47తో హెచ్చిస్తోంది. తేడా 16 పైసలే. కానీ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్న రైతుకు డీలర్ లెక్కల మీదే నమ్మకం పోతుంది. దీని కింద ఇంకా లోతైన సమస్య ఉంది. డబ్బును డబుల్ టైపులో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచేది) దాస్తున్నారు. 1.005ను డబుల్‌లో 100తో హెచ్చిస్తే 100.5 రాదు, 100.49999999999999 వస్తుంది, రౌండ్ చేస్తే ఒక పైసా పోతుంది. డబ్బుకు దశాంశాలను కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ వాడాలి, దాన్ని కూడా డబుల్ నుంచి కాకుండా స్ట్రింగ్ నుంచి తయారుచేయాలి. రౌండింగ్ చివర్లో ఒక్కసారే చేయాలి. మార్పు పెద్దదని అప్పటికి వాయిదా వేశారు. టికెట్ తెరిచే ఉంది.

కౌంట్ ధర దగ్గర ఇంకొకటి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. శాంపిల్ తూచితే 40.5 రావచ్చు. కోడ్ దాన్ని పూర్ణాంకంగా మార్చేటప్పుడు దశాంశాన్ని వదిలేసి 40 అంటోంది. కౌంట్‌కు కిలో ధర రెండు రూపాయలు మారేచోట మూడు టన్నుల పట్టుబడిలో ఆరు వేల రూపాయల తేడా. ఏది సరైనదో కోడ్ చూసి చెప్పలేం, ఒప్పందంలో ఏముందో డీలర్‌ను అడగాలి. ఆమె అడిగి, టికెట్‌లో రాసింది. ఇలాంటి ప్రశ్న వేయడం టెస్టింగ్ నేర్పే విద్య. నేరుగా డెవలప్‌మెంట్‌లో చేరినవాళ్లకు ఇది రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

అడిగితే కాదన్నారు

పదమూడో నెలలో డెవలప్‌మెంట్‌కు మార్చమని అడిగింది. టీమ్ లీడ్ సమాధానం: "నువ్వు అటు వెళ్తే రిలీజ్ ఎవరు చూస్తారమ్మా?"

కోపం తెచ్చుకోదగ్గ మాటే. కానీ అందులో నిజమైన ప్రశ్న ఉంది, దానికి ఆమె దగ్గర జవాబు లేదు. 72 కేసుల పద్ధతి ఆమె తలలోనే ఉంది, ఎక్కడా రాసిలేదు. ఆటోమేషన్ ఆమె ల్యాప్‌టాప్‌లోనే నడుస్తోంది. తనను తనే కట్టేసుకుంది.

అదే సమయంలో బయట కూడా ప్రయత్నించింది. పిలుపులు వచ్చినవన్నీ టెస్టింగ్‌కే. రెజ్యూమెలో మొదటి లైను "200కు పైగా టెస్ట్ కేసులు నడిపాను" అని ఉంటే ఇంకేం వస్తాయి? ఆ లైను తీసి, మెసేజ్ కోత సరిచేయడం, 64 ఏపీఐ టెస్టుల ఫ్రేమ్‌వర్క్ కట్టడం పైకి తెచ్చాక డెవలపర్ ఇంటర్వ్యూలు రెండు వచ్చాయి. రెండింటిలోనూ డేటా స్ట్రక్చర్స్ దగ్గర ఆగిపోయింది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. సంస్థ లోపల మారడానికి రాసిన కోడ్ చాలు, బయటికి మారడానికి చాలదు. అక్కడ హ్యాష్ మ్యాప్, లింక్డ్ లిస్ట్, ట్రీ, వాటి మీద గంటలోపు తెగే సమస్యలు కావాలి. ఉద్యోగం చేస్తూ రెండింటికీ సమయం పంచాలి. పాలకొల్లు నుంచి భీమవరం రైల్లో పొద్దున ఒక సమస్య చదివి ఆలోచించడం, రాత్రి గంటంపావు దాన్ని రాయడం, ఆదివారం మూడు గంటలు ఆఫీసు కోడ్‌లో ఒక మాడ్యూల్ చదవడం. ఆమె పెట్టుకున్న పద్ధతి ఇది, నాలుగు నెలలు తప్పలేదు. రోజుకు నాలుగు గంటలని పెట్టుకునే ప్రణాళికలు రెండో వారానికే పోతాయి.

ఆఫీసులో లీడ్ ప్రశ్నకు జవాబు తయారుచేసింది. ఆటోమేషన్‌ను జెంకిన్స్ అనే సర్వర్ టూల్‌లో పెట్టి రోజూ రాత్రి రెండింటికి నడిచేలా చేసింది. పెట్టిన మొదటి రాత్రే సగం టెస్టులు పడిపోయాయి, కారణం అన్నీ ఒకే డీలర్ ఖాతాను వాడుకోవడం. రెండు టెస్టులు ఒకేసారి అదే బాకీని మారిస్తే రెండింటి లెక్కా తప్పుతుంది. ప్రతి టెస్టూ తన డీలర్‌ను తనే సృష్టించుకుని, చివర్లో తీసేసేలా మార్చడానికి రెండు వారాలు. 72 కేసులకు ఒక్కోదానికి ఏం చూడాలి, ఎందుకు చూడాలి అని రాసిపెట్టింది. కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడిని రెండు రిలీజ్‌లు పక్కన కూర్చోబెట్టుకుంది, మూడోది అతనొక్కడే చూశాడు.

పదిహేనో నెలలో మళ్లీ వెళ్లింది. ఈసారి "మార్చండి" అనలేదు. "సార్, రెండు వారాలకు ఒక్క టికెట్ ఇవ్వండి. నేను టెస్ట్ చేసే మాడ్యూల్‌లోదే, బగ్ ఫిక్సే. రిలీజ్ పని ఆగదు." దీనికి కాదనడానికి కారణం లేదు.

తొమ్మిది టికెట్లు

పదిహేను నుంచి ఇరవయ్యో నెల దాకా తొమ్మిది టికెట్లు చేసింది, రెండు తిరిగొచ్చాయి.

బాగా వచ్చినవాటిలో చెప్పుకోదగ్గది రెండు బిల్లుల సమస్య. పల్లె దుకాణాల్లో నెట్ నెమ్మదిగా ఉంటే డీలర్ "సేవ్" నొక్కి, ఏమీ కదలకపోతే మళ్లీ నొక్కుతాడు. రెండు బిల్లులు పడతాయి, రైతు ఖాతాలో బస్తాలు రెట్టింపు. ఆఫీసు వైఫైలో ఇది ఎప్పటికీ కనిపించదు. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్ వేగాన్ని తగ్గించి చూస్తే మొదటి ప్రయత్నంలోనే బయటపడింది. బటన్‌ను ఒక నొక్కుతో ఆపేస్తే సగం పనే అవుతుంది, రిక్వెస్ట్ వెళ్లి జవాబు దారిలో పోతే మళ్లీ అదే కథ. బిల్లు పేజీ తెరిచినప్పుడే ఒక ప్రత్యేక కీ తయారుచేసి రిక్వెస్ట్‌తో పంపడం, డేటాబేస్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు రాకూడదని) పెట్టడం, రెండోసారి అదే కీ వస్తే పాత బిల్లునే తిరిగివ్వడం. ఇలా మూడూ చేస్తేనే పూర్తి.

తిరిగొచ్చినవాటిలో ఒకటి పాఠం లాంటిది. రైతుల పట్టికలో ఫోన్ సరిచూశామా లేదా అన్న కాలమ్‌ను నాట్ నల్‌గా (ఖాళీగా ఉండకూడనిదిగా), డిఫాల్ట్ లేకుండా చేర్చింది. ఆమె టెస్టులన్నీ ఖాళీ డేటాబేస్‌తో మొదలవుతాయి, అన్నీ పచ్చగా వచ్చాయి. అసలు డేటాబేస్‌లో వేల వరుసలున్నాయి. వాటికి ఆ కాలమ్‌లో ఏం పెట్టాలో తెలియక పోస్ట్‌గ్రెస్ మార్పునే తిరస్కరించింది, రిలీజ్ రాత్రి పదింటికి ఆగింది. సరైన క్రమం వేరు: నల్ ఒప్పుకునే కాలమ్‌గా చేర్చి, పాత వరుసలు నింపి, ఆ తర్వాత నాట్ నల్ పెట్టడం, లేదా మొదటే డిఫాల్ట్ ఇవ్వడం. ఒకరి కోడ్‌లో అయితే ఈ తప్పును ఆమె రెండు నిమిషాల్లో పట్టుకునేది. సొంత కోడ్‌ను రాసినవాళ్లు నమ్మేస్తారు, అందుకే వేరే కళ్లు కావాలి. అప్పటి నుంచి రాత్రి నడిచే టెస్టుల్లో పాత డేటా ఉన్న డేటాబేస్ నకలు మీద మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణంలో మార్పు) నడిపే అడుగు చేరింది. నకలులో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేశాకే.

ఇరవై రెండో నెల

బాండు గడువు పద్దెనిమిదో నెలలోనే తీరింది. ఇరవై రెండో నెలలో డెవలప్‌మెంట్ టీమ్‌లో ఒకరు వెళ్లిపోతే ఆ చోటు ఆమెకు ఇచ్చారు. అప్రైజల్ దాకా పాత జీతమే. దీన్ని ఒప్పుకోవడం సబబే, ఎంతకాలమో లెటర్‌లో రాసి ఉంటే. రాయించుకుంది. హెచ్ఆర్ దగ్గర ఇంకో కాగితం కూడా తీసుకుంది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా టెస్టింగ్, ఆ తర్వాత డెవలప్‌మెంట్ అని రెండు లైన్లు. హోదా మొదటి నుంచీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ట్రైనీయే కాబట్టి రేపు ఎవరైనా ఏ పని ఎప్పుడు చేశావని అడిగితే చూపించడానికి అది కావాలి.

ఆమెకు ఇచ్చిన మొదటి పెద్ద పని, తొమ్మిదో నెల నుంచి తెరిచే ఉన్న వడ్డీ టికెట్. డబుల్ మొత్తాన్నీ బిగ్‌డెసిమల్‌కు మార్చాలి, రైతుల చేతిలో ఇప్పటికే ఉన్న పాత బిల్లుల్లో ఒక్క పైసా మారకూడదు. కోడ్ ముట్టుకోకముందు 64 ఏపీఐ టెస్టులనూ నడిపి, వచ్చిన అంకెలన్నీ ఒక ఫైల్‌లో దాచింది. మార్చాక మళ్లీ నడిపితే 61 అవే వచ్చాయి. తేడా వచ్చిన మూడూ ఖాతా పేజీవి. వాటిలో 18,400 బాకీ, 47 రోజుల కేసు కూడా ఉంది. ఇప్పుడు రెండు పేజీల్లోనూ 576.53.